పోటీ యను మాటయు, బందరు అద్దకమును

ఇంగ్లీషున వ్రాయబడిన మన దేశచరిత్ర పాఠములందు ఒక వాక్యము తరచుగ కనబడును. చేతిపనివారు యంత్రవస్త్రముతో పోటీపడజాలక నశించిరి అనునది దాని తాత్పర్యము. 'కుడ్ నాట్ కాంపీట్ విత్' అను నాలుగు మాటలును విద్యార్థులకు కంఠస్థములు. పరీక్షలో వ్రాయుదురు, మార్కులు పొందుదురు. ఆ వాక్యమున కర్త చేతిపనివాడు. క్రియ అతని చేతకానితనము. అతనిని ఎవరైన ఏమైన చేసిరా అను ప్రశ్నకు అందు చోటే లేదు. కర్మణిప్రయోగమున కర్తను దాచుట అందఱెఱిగిన యుపాయము. ఇచట కర్తరిప్రయోగముననే, చేసినవానిని తొలగించి పడినవానిని కర్తృస్థానమున కూర్చుండబెట్టినారు. వ్యాకరణము చెప్పు మావంటివారికి ఇది చిన్న సంగతిగ తోపదు.

పెడనలో ఈ వాక్యమును వల్లించు బాలుర స్థితి మఱింత విచిత్రము. నశించినదని వారు చదువు అద్దకపుపని వారి వీథిలోనే జరుగుచున్నది. పుస్తకము మూసి బయటికి వచ్చిన అచ్చుల చప్పుడు వినబడును. కావున పోటీని గూర్చిన మాటల పుట్టుకను కొంత విచారించి, ఆ వెలుగులో బందరు అద్దకపు చరిత్రను మరల చూడదలచితిమి.

పోటీదారునకు ఇంగ్లీషున 'రైవల్' అని పేరు. ఇది లాటినునుండి వచ్చిన మాట. ఆ భాషలో 'రీవుస్' అనగా వాగు, కాలువ. ఒకే కాలువనుండి తమ పొలములకు నీరు పెట్టుకొను ఇరుగుపొరుగులు 'రీవాలిస్' అనబడిరి. రోమకుల ధర్మశాస్త్రమున అల్పియను అను న్యాయవేత్త ఈ మాటను ఆ యర్థముననే వాడినాడు. అదే మాట ఒకే స్త్రీని కోరు ఇరువురికిని చెల్లినది. ఇంగ్లీషువారు ఈ రెండవ యర్థమును గ్రహించి, కాలువను మరచిరి.

కృష్ణకాలువల క్రింద సేద్యము చేయువారికి ఈ వ్యుత్పత్తిని బోధింప పనిలేదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైనది మొదలు ఈ దిగువ సీమలో పై తూమువాడును శివారువాడును నిజమైన రీవాలిసులుగనే బ్రతుకుచున్నారు. ఎండలు ముదిరి కాలువ సన్నగిల్లిన యేడు వంతులు వచ్చును; లస్కరును బ్రతిమాలుట వచ్చును; రాత్రి లాంతరు పట్టుకొని గట్టున కావలియుండుట వచ్చును. ఒకరి చేను తడిసిన మఱియొకరి చేను ఎండును. ఐనను మరునాడు ఆ ఇరువురే కాలువ పూడిక తీయుటకు కలిసి దిగుదురు. నీరు ఒకటే కనుక జగడము. నీరు ఒకటే కనుక పొత్తును.

సంస్కృతమున శత్రువునకు గల పేర్లలో 'సపత్నుడు' ఒకటి. 'సపత్ని' అను స్త్రీలింగశబ్దమునుండి పుట్టించిన పుంలింగమది. సపత్నియే మన సవతి. రణరంగమున ఎదురుపడు మహావీరునకు ఇంటిలోని సవతిపోరునుండి పేరు తెచ్చుకొనవలసి వచ్చినది! సవతిపోరు స్త్రీల గుణదోషమని పురుషులు వేయిమాఱులు వ్రాసిరి. ఆ పోరును ఇంటికి తెచ్చిపెట్టినవాడు మగడు. అతని పేరునుండి మాత్రము శత్రువాచకమేదియు పుట్టలేదు. ఇక 'భ్రాతృవ్య' శబ్దమును సాధించుటకు పాణిని రెండు సూత్రములు చేసినాడు. మొదటిదానివలన అన్నదమ్ముల కొడుకు అను నర్థము వచ్చును. దాని వెంటనే యున్న రెండవదానివలన శత్రువను నర్థము వచ్చును. తెలుగున 'దాయ' యనగా జ్ఞాతియు నగును, పగవాడును నగును. మూడు భాషల పెద్దలును ఒకే సంగతిని కనిపెట్టినట్లున్నది. పోటీ పుట్టుటకు పంచుకొనవలసిన వస్తువొకటి నడుమ నుండవలెను. అది నీరు కావచ్చును, ఇల్లు కావచ్చును, తండ్రి విడిచిన నాలుగెకరములు కావచ్చును.

'కాంపీట్' అను క్రియను చూడుడు. 'పెటెరె' యనగా కోరుట, వెదకుట. దానికి 'కూడ' అను నర్థము గల ఉపసర్గ చేరినది. ఒకే దానిని కూడి కోరుట దాని యక్షరార్థము. 'కాంపిటెంట్', అనగా తగినవాడు, సమర్థుడు, అను మాటయు ఆ తల్లి బిడ్డయే. 'కాంటెస్ట్' అను మాటలో సాక్షి దాగియున్నాడు. వ్యాజ్యారంభమున సాక్షులను పిలుచుట దాని మూలార్థము. కూడి కోరుట, తగియుండుట, సాక్షియెదుట నిలుచుట, ఈ మూడును ఆ మాటల గర్భమున నున్నవి.

మన పల్లెలు లాటిను నేర్వకయే ఈ నియమములను పాటించుచున్నవి. చెడుగుడుకు దిగు పిల్లలు ముందుగ ఉద్దులు కూడుదురు. సరితూగు ఇద్దఱిద్దఱు జతగ వచ్చి నాయకులయెదుట నిలిచిన పిదప వారిని చెఱియొక పక్షముగ పంచుదురు. ఉద్దియే ఉజ్జీ. ఆ మాటకు జోడు అనియు, ఎదిరి అనియు రెండర్థములును కలవు. ఎడ్ల బండలాగుడు పందెములలోను ఇట్లే. పాలపండ్ల గిత్తలకు ఒక పందెము, రెండుపండ్లవానికి ఒకటి, నాలుగుపండ్లవానికి ఒకటి, ఆరుపండ్లవానికి మఱియొకటి. నోరు తెఱచి పండ్లు లెక్కింపనిదే కాడి కట్టనీయరు. పాలపండ్ల గిత్తను ముదురు ఎద్దుతో నిలిపి, అది లాగలేకపోయినదని పుస్తకమున వ్రాసిన ఆ రైతులు నవ్వుదురు.

మాట ఒంటరిగ నుండదు. ఏ విశేషణము దేనితో కూడునో తెలిసినగాని పరభాష వచ్చినట్లు కాదు. పోటీ తీవ్రమైన కొలది ఇంగ్లీషువాడు దాని ముందు 'కీన్' అనును, 'స్టిఫ్' అనును, 'ఫియర్స్' అనును, తుదకు 'కట్-త్రోట్' అనును. మొదటిది కత్తి పదును, రెండవది వంగని బిఱుసుదనము, మూడవది క్రూరమృగపు స్వభావము, నాలుగవది గొంతుకోత. ఇటు 'హెల్దీ' అను మాటయు చేరును, 'ఫ్రెండ్లీ' యనునదియు చేరును. ఈ రెండు కొనలును సంస్కృతపు 'స్పర్ధ'లోనే యున్నవి. ఆ ధాతువునకు వైయాకరణులు సంఘర్షమని యర్థము చెప్పి, సంఘర్షమనగా పరుని అణచవలెనను కోరికయని వివరించిరి. ఒకని చూచి తానును ఎదుగవలెనను కోరిక వేఱు, వానిని క్రుంగద్రొక్కవలెనను కోరిక వేఱు. మాట ఒకటేయైనను మనస్సులు రెండు.

ప్రత్యయముల విషయమున విద్యార్థులు చేయు లోపమొకటి కలదు. 'కాంపీట్ విత్' అని ఎవరితో పోటీయో వ్రాయుదురు. 'కాంపీట్ ఫర్' అని దేనికై పోటీయో వ్రాయరు. పాఠములలోని ఆ వాక్యమును అంతే. చేతిపనివాడు యంత్రముతో పోటీపడజాలకపోయెనని చెప్పును. దేనికై? ఏ సంతలో? ఆ సంత తలుపు తాళపుచెవి ఎవరియొద్ద నుండెను? ఇవి తెలియుటకు బందరునకు పోవలసియున్నది.

బందరు చుట్టుపట్ల సీమకు అద్దకము వచ్చుటకు ఇచటి నేలయు నీరును కారణములు. తెల్లని నూలుగుడ్డను కరక్కాయ రసమునను పాలలోను ముంచి ఆరబెట్టుదురు. ఇనుపతుప్పును బెల్లపునీటిలో పులియబెట్టిన ద్రవము నలుపునకు, పటికనీరు ఎఱుపునకు. చెక్కిన కొయ్యయచ్చులతో వీనిని అద్దుదురు. పిమ్మట గుడ్డను పాఱు నీటిలో జాడింపవలెను. నిలువనీట జాడించిన, విడివడిన పటిక తెల్లని చోట్లకు ప్రాకి, కాగులో వేయగనే అచటను ఎఱుపు పట్టును. పూర్వము ఆ ఎఱుపునకు చిరివేరు వాడిరి. కృష్ణ సముద్రమును చేరు ప్రాంతపు ఇసుకనేలలలో పెరుగు చిరివేరు వన్నెకు పెట్టినది పేరు. నిజాంపట్టణపు ఎఱుపును పరదేశ వర్తకులు ప్రత్యేకముగ అడిగి కొనెడివారు. పాఱు నీరు లేనిచో అద్దకము లేదు. పనివాడును రైతును వలె కాలువను నమ్ముకొన్నవాడే. లాటినువాడు వానినిగూడ రీవాలిసనియే పిలిచియుండును.

గోలకొండ సుల్తానుల కాలమున బందరు ఆ రాజ్యమునకు ముఖ్యమైన రేవు. కలమును, పనిని తెలుపు పారసీక శబ్దములు కూడి 'కలంకారీ' యను పేరు ఏర్పడినది. మనవారి మాట అద్దకమే. వలందులు 1605లో వచ్చిరి. ఇంగ్లీషువారు 1611లో వచ్చిరి. పరాసులు 1669లో సుల్తానునొద్ద ఫర్మాను పొంది వచ్చిరి. ఆ మువ్వురి నివాసములును నేటికి పేర్లుగ మిగిలియున్నవి: వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట. ఒకే ఊరిలో, ఒకే వస్త్రమునకై, మూడు వాడలు. 'కూడి కోరుట'కు ఇంతకన్న మంచి యుదాహరణము దొరకదు.

వీరి కోరిక ఎట్టిదనగా, తొందర తొందరగ ఒకరి మనుష్యులను మఱియొకరు లాగుకొనిరి. 1611లో 'గ్లోబ్' అను ఇంగ్లీషు ఓడలో వచ్చిన ముఖ్యవర్తకులు ఫ్లోరిసును ఆంతెయునిసును ఓలందు దేశీయులే. పూర్వము వలందుల కొలువున నుండి ఈ తూర్పు వర్తకపు మర్మములు నేర్చినవారు. ఇంతకును వీరికి మన గుడ్డ యేల? తూర్పుదీవుల ప్రజలు తమ లవంగములకు జాజికాయలకు మాఱుగ మన తీరపు వస్త్రమును కోరిరి. బందరు గుడ్డ చేతనున్నవానికి లవంగము చేజిక్కును; లవంగము చేజిక్కినవాడు ఐరోపాలో ధనికుడగును. 1623లో అంబోయినా దీవిలో వలందులు, తమ కోటను పట్టుకొన కుట్ర చేసిరని నేరము మోపి, పదిమంది ఇంగ్లీషువారి తలలు తీయించిరి. గొంతుకోత పోటీయను మాటను నేటి బేరగాండ్రు అలంకారముగ వాడుదురు. ఆనాడు అది అలంకారము కాదు.

ఇచట ఒక విచిత్రము గమనింపవలెను. బందరులో ఒకరితో ఒకరు పోటీపడిన ఈ కంపెనీలలో ఏదియు తన దేశమున పోటీని సహించినది కాదు. 1600 సంవత్సరాంతమున ఇంగ్లీషు కంపెనీ తమ రాణివలన పొందిన పత్రము, తూర్పుదేశపు వర్తకము తమకు దక్క తమ దేశమున మఱియొకరికి ఉండరాదను అధికారము. పోటీ వారికి ధర్మము కాదు. తప్పనపుడు పడు బాధ. ఐనను వారు మువ్వురుండుటచే సాలెవానికి, అద్దకపువానికి కొంత యూపిరి యుండెను. ఒకడు బేరము తగ్గించిన ఇంకొకని గుమాస్తా యున్నాడు. పారసీక వర్తకులు, దేశీయ వర్తకులు వేఱుగ నుండిరి. 1759 ఏప్రిల్ 7వ తేది రాత్రి కర్నల్ ఫోర్డు బందరు కోటపై బడి దానిని పరాసులనుండి పట్టుకొనెను. ఆ యుద్ధమును మన పుస్తకములు రాజ్యములకథగ చెప్పును. మగ్గమునొద్ద కూర్చున్నవానికి అది వేఱుకథ. కొనువారిలో ఒకడు పోయెను. మిగిలినవాడు పాలకుడును అయ్యెను. బయానా యిచ్చువాడును, వెల నిర్ణయించువాడును, తగవు తీర్చువాడును ఒకడే యైనపుడు ఆ సంతకు పోటీయను పేరు చెల్లదు.

ఇక సముద్రమున కావలివైపు ఏమి జరిగినదో చూతము. మన చీటిగుడ్డ ఇంగ్లీషున 'చింట్జ్' అయినది. ఉతికినకొలది వన్నె పోని రంగుగుడ్డ అంతకుముందు ఆ దేశపు స్త్రీలు ఎఱుగరు. రాణివాసములు మొదలు పనికత్తెలవఱకు దానిని కట్టిరి. అచటి ఉన్నిపట్టు నేతగాండ్రు గగ్గోలు పెట్టిరి. ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో రంగులద్దిన నూలుగుడ్డలను నిషేధించెను. ఇంగ్లండు 1700లో చట్టము చేసి మన అద్దకపు గుడ్డలను అచట ధరింపరాదనెను. తెల్లగుడ్డ తెప్పించి తామే అద్దుకొనుట ఆరంభింపగా, 1721లో మఱియొక చట్టము చేసి అట్టి గుడ్డల వాడుకనే చాలవఱకు మాన్పించెను. 1719లో లండను వీథులలో, చీటిగుడ్డ కట్టిన స్త్రీలమీద నేతగాండ్రు పడి బట్టలు చింపిరి, సిరా చల్లిరి. ఆ నేతగాండ్ర యాకలి నిజమే. వారిని మేము నిందింపము. సాలెవాని దుఃఖము ఏ దేశమునందైనను ఒకటే. కాని పోటీ విషయమై మనకు పాఠము చెప్పు దేశము తాను పోటీలో వెనుకబడిన దినములలో చేసిన పని ఇది: సంత తలుపు మూయుట.

తలుపు మూసి ఊరకుండలేదు. మూసిన గదిలో నేర్చుకొనిరి. 1774లో ఇంగ్లండులోనే వడకి నేసిన నూలుగుడ్డమీద అద్దకము చట్టసమ్మతమైనది. 1783లో తామసు బెల్లు రాగి బొంగరపు యంత్రముతో అద్దకము చేయు విధమునకు పేటెంటు పొందెను. కొయ్యయచ్చును చేతితో మోపి మోపి అద్దుచోట, చెక్కిన రాగి బొంగరము తిరుగుచుండగా గుడ్డ దాని క్రిందుగ పరుగెత్తును. ఇది గొప్ప యంత్రమే. దాని గొప్పతనమును కాదనుట మూఢత్వము. ఎన్నో దినముల పనిని గంటలలో చేయు సాధనము వచ్చినపుడు, ఏ చట్టము లేకున్నను చేతిపని కొంత తగ్గియే యుండును. ఈ మాటను స్వదేశాభిమానులు కొందఱు చెప్పరు, మేము చెప్పవలసినదనుకొందుము.

కాని ఎంత తగ్గియుండును? దీనికి సాక్షిగ ఒక ఇంగ్లీషువానినే పిలువవచ్చును. హోరేసు హేమను విల్సను మనకు సంస్కృతనిఘంటు కర్తగ పరిచితుడు. 1819లో అచ్చైన అతని నిఘంటువును మావంటివారు కృతజ్ఞతతో తలతుము. ఆక్సుఫర్డులో సంస్కృతమునకు మొదటి ఆచార్యుడతడే. జేమ్సు మిల్లు వ్రాసిన హిందూదేశ చరిత్రకు 1840 తరువాత అతడు టిప్పణులు చేర్చి, కథను పొడిగించెను. అందు అతడు చెప్పిన దాని సారమిది. 1813 నాటికిని మన నూలుపట్టు వస్త్రములు ఇంగ్లండు బజారులో అచటివానికన్న నూటికి 50, 60 వంతులు తక్కువ వెలకు లాభముతో అమ్ముడుపోగలిగియుండెను. అందుచే వాని వెలపై నూటికి 70, 80 వంతుల సుంకము వేసిరి, కొన్నిటిని నిషేధించిరి. అట్లు చేయకున్న ఆ మిల్లులు ఆరంభమునందే ఆగిపోయెడివి. సమానస్థితిలో ఎదిరింపలేని ప్రతిద్వంద్విని రాజ్యాధికారముతో ఉక్కిరిబిక్కిరి చేసిరని అతని తీర్పు. మన పాఠములలోని వాక్యమును విల్సను తలక్రిందు చేసినాడు. పోటీపడజాలనివాడు ఎవడని అడిగిన, అతని జవాబు మాంచెస్టరు.

'ఆన్ ఈక్వల్ టర్మ్స్' అను పదబంధము ఇంగ్లీషున మంచి పదబంధము. దానిని తరువాత ఎట్లు వాడిరో చూడుడు. 1882లో ఆ దేశపు నూలుగుడ్డలకు మన రేవులలో సుంకమే లేకుండ చేసిరి. ఖజానాకు ధనము చాలక 1896లో నూటికి 3.5 దిగుమతి సుంకము వేసినపుడు, సమానత్వము చెడరాదని మన మిల్లులలో నేసిన గుడ్డమీదను సరిగ అంతే సుంకము వేసిరి. ఇది 1926లో గాని పూర్తిగ పోలేదు. తాము వెనుకబడిననాడు తలుపు మూయుట, ముందుపడిననాడు సమానత్వము బోధించుట. ఎద్దుల పండ్లు చూచు మన రైతుకు ఈ సమానత్వమును వివరింప మేము జంకుదుము.

మాటయు ఆ వస్త్రముతో పాటు దిగజారినది. ఒకనాడు రాణులు కోరిన చింట్జునుండి పందొమ్మిదవ శతాబ్దమున 'చింట్జీ' యను విశేషణము పుట్టినది. దాని యర్థము చౌకబారు, పైమెఱుగు. యంత్రపు నకళ్ళ చౌకతనమును మూలవస్త్రపు పేరు మోసినది.

బందరునకు ఇవిగాక వేఱు దెబ్బలును తగిలినవి. 1832-33 నాటి నందన కఱవు ఈ సీమను పాడుచేసినది. 1864 నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెన వచ్చి సుమారు ముప్పదివేలమందిని పొట్టన పెట్టుకొన్నది. తరువాత 1868లో గ్రేబె, లీబెర్మను అను జర్మను రసాయనవేత్తలు ఎఱుపుకు మూలమైన అలిజరీనును ప్రయోగశాలలో తయారుచేసిరి. దాని తయారీవిధమునకై 1869 జూనులో జర్మనులు ఇంగ్లండున పేటెంటు దరఖాస్తు పెట్టిన మరుదినమే పెర్కిను అను ఇంగ్లీషువాడు తన దరఖాస్తు పెట్టెను. గుఱ్ఱపుపందెములనుండి వచ్చిన 'నెక్ అండ్ నెక్' అను మాటకు ఇంతకన్న తగిన చోటు లేదు. వారు సరియైన ఉద్దులు. తుదకు బజారు పంచుకొని రాజీపడిరి. ఆ పందెపు ఫలము పెడన కాగులవఱకు వచ్చినది. చిరివేరు త్రవ్వువారు తగ్గిరి. అలిజరీను పొట్లములు వచ్చినవి. పనివారు కొత్తరంగును గ్రహించిరి, పాత పద్ధతిని విడువలేదు. పారసీక దేశపు బేరము మిగిలినంతకాలము అద్దకము దానిమీద బ్రతికినది. స్వదేశోద్యమ కాలమున కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య గార్లు బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పి, చదువుతోపాటు చేతిపనులకును గౌరవము తెచ్చిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ప్రభుత్వమును, కళాభిమానులును చేయూతనిచ్చిరి. బందరు పేరుమీదనే యైనను, ఆ పని నేడు ముఖ్యముగ పెడనలో నిలిచియున్నది.

నేటి పోటీ స్వభావము వేఱు. మాంచెస్టరు ఇపుడు పెడనకు ఎదిరి కాదు. అద్దకపు నమూనాను తెరమీదికి ఎక్కించి, రసాయనపు రంగుతో నిమిషములలో అచ్చుకొట్టు స్క్రీనుగుడ్డ ఇపుడు ఎదిరి. అది దూరనగరముల మిల్లులనుండియు వచ్చుచున్నది, పెడనలోను తయారగుచున్నది. దానిని చేయువారు పరులు కారు, అదే ఊరివారు. దాయలన్న మాటకు, ఒకే కాలువవారన్న మాటకు, మరల అక్షరార్థము వచ్చినది. స్క్రీనువానికిని పిల్లలున్నారు, అతని కూలికిని ఆకలియున్నది. తక్కువ వెలకు గుడ్డ కావలసిన పేదయింటి యిల్లాలు దానిని కొనుట తప్పని మేమనజాలము. తప్పు ఒకచోటనే కలదు. ఆ గుడ్డకు కలంకారీ యని పేరు పెట్టి, అద్దకపు వెలలో సగమునకు అమ్ముట. వస్తువు రెండుగ నుండి పేరు ఒకటైనపుడు, కొనువాడు తాను ఏ రెంటిని పోల్చుచున్నాడో ఎఱుగడు. అది పోటీ కాదు; 1719లో సిరా చల్లినవానికన్న మెత్తని చేతులతో చేయు పని.

1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టము క్రింద 'మచిలీపట్నం కలంకారీ' యను పేరు నమోదైనది. చట్టము ఈమాఱు మన పనివాని పక్షమున నున్నది. ఐతే అది 1721 నాటి చట్టము వలె ఎదిరిగుడ్డను నిషేధింపదు. స్క్రీనుగుడ్డను స్క్రీనుగుడ్డగ అమ్ముకొనుడు, ఆ పేరు మాత్రము దొంగిలింపకుడు అనును. ఉద్దులు కూడునపుడు ఎవరు ఎవరో చెప్పవలెనను పిల్లల నియమమే ఇది. కాగితముమీది యీ నియమమును దుకాణమున నిలుపుటకు సాక్షి కావలెను. 'కాంటెస్ట్' అను మాటలోని ఆ సాక్షి వేఱెవరో కాదు, గుడ్డ బేరమాడు ఇల్లాలు.

ఆమె చూడవలసిన గుఱుతులు సులభములు. గుడ్డను త్రిప్పి చూడవలెను. అద్దకమైనచో రంగు నూలులోనికి దిగి వెనుకవైపునను కనబడును. స్క్రీనుది చాలవఱకు పైననే నిలుచును, వెనుక తెలతెలగ నుండును. పువ్వుల వరుసను వెంబడించి పోవలెను. కొయ్యయచ్చు ఎంత నేర్పుగ మోపినను, ఒక అచ్చు ముగిసి మఱియొకటి ఆరంభమగు చోట గీత వెండ్రుకవాసి అటో యిటో తప్పును. ఒక పువ్వు కొంచెము ముదురుగ, ప్రక్కది కొంచెము లేతగ నుండును. స్క్రీనుపువ్వులు అన్నియు ఒకే పోలిక. దుకాణదారుడు ఆ తప్పిన గీతను చూపి, ఇది నాసిరకమమ్మా, దీనికన్న అది శుభ్రముగ నున్నది అనవచ్చును. ఆ గీత తప్పిన గుడ్డయే పెడన గుడ్డ.